టక్కర్ పొలం

పైన్ హాలో, నార్త్ కరోలినా
1980 జూన్ 14

వదినగారికి నాగమణి నమస్కారాలు.

మీరు ఫోన్ చేసినప్పుడు నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ మాట్లాడలేదని మీకు కోపం వచ్చిందని మీ తమ్ముడు చెప్పారు. కోపం పెట్టుకోకండి. ఫోన్ చేతిలోకి తీసుకుంటే నాకు గొంతు పెగలదు. రాస్తే మాత్రం మాట వస్తుంది. ఇకనుంచి రాస్తూ ఉంటాను.

ఇక్కడికి వచ్చి ఏడు నెలలయింది. ఆయన పొద్దున ఏడింటికి లాబ్‌కి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తారు. పక్కింట్లో మార్జరీ గారని ఒక పెద్దావిడ ఉంది. స్కూల్లో టీచరుగా చేసి మానేసింది. భర్త లేడు. పోయిన వారం ఒక అట్టకి కాగితాలు తగిలించుకుని మా తలుపు కొట్టింది. ఏదో అడిగింది. నేను యస్ అన్నాను. ఇంకేదో అడిగింది. దానికీ యస్ అన్నాను. కలం ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషి అడిగితే కాదనడం ఎలాగని నా పేరు, ఇంటి అడ్రసు రాసిచ్చాను.

సాయంత్రం చెబితే మీ తమ్ముడికి చెమటలు పట్టాయి. ప్రెసిడెంట్ ఎన్నికలో రెండు పార్టీలూ కాదని సొంతంగా ఒకాయన నిలబడుతున్నాడట. ఆయన పేరు బ్యాలెట్ కాగితం మీదికి ఎక్కాలంటే ప్రతి రాష్ట్రంలోనూ ఇన్ని వేలమంది ఓటర్ల సంతకాలు కావాలట. మనకి సిటిజన్‌షిప్ లేదు. పెట్టకూడదు. మీ తమ్ముడు అప్పటికప్పుడు పక్కింటికి వెళ్ళి నా పేరు కొట్టేయించి వచ్చారు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ చేతిలో ఒక చెక్కపెట్టె, ఖాళీ కార్డులు. నా అక్షరాలు చూసి వచ్చిందట. ఆరో తరగతిలో మా మాస్టారు నాలుగు గీతల కాపీ పుస్తకంలో రోజుకి రెండు పేజీలు దిద్దించేవారు. ఇంగ్లీషులో నాకు వచ్చింది అదొక్కటే. సంతకం పెట్టకూడదు గానీ, సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు కార్డుల మీద రాసి పెట్టడంలో తప్పు లేదని మీ తమ్ముడు కనుక్కున్నారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆవిడ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. మీరేమంటారో రాయండి.

నాగమణి

---

ఐసెలిన్, న్యూజెర్సీ
1980 జులై 2

చిరంజీవి నాగమణికి ఆశీస్సులు.

అమ్మాయ్, నువ్వు వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఈ దేశానికి ప్రెసిడెంటుని నిలబెడుతున్నావా. నేను పదేళ్ళ నుంచి ఉంటున్నాను, మా వీధి చివర ఇల్లు ఎవరిదో నాకు తెలియదు. మీ అన్నయ్యగారు ఉత్తరం చదివి గంటసేపు నవ్వారు.

ఒక్కమాట చెప్తాను. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పేర్లు రాస్తే రాయి. మధ్యాహ్నాలు గోడకి తల ఆనించుకుని ఏడుస్తున్నావని మా తమ్ముడు దత్తు ఫోన్‌లో చెప్పి బాధపడ్డాడు. దానికంటే ఇదే నయం. ఆవిడ పెట్టింది తినేముందు అందులో ఏముందో అడుగు.

అనంతలక్ష్మి

---

పైన్ హాలో
1980 నవంబర్ 9

వదినగారికి నమస్కారాలు.

మా ఆయన ఓడిపోయాడు. మా ఆయనంటే మీ తమ్ముడు కాదు, ఆ నిలబడినాయన. గెలవడని అందరికీ ముందే తెలుసట. తెలిసి కూడా ఎండలో, వానలో ఎందుకు తిరిగారో నాకు అర్థం కాలేదు. ఈ ఊళ్ళో ఆయనకి వచ్చినవి రెండువందల పన్నెండు ఓట్లు.

ఆ రాత్రి మార్జరీ గారింట్లో పదకొండు మంది కూర్చున్నారు. నేను కాఫీలు అందించాను. పోస్టాఫీసులో పనిచేసే పొడుగాటి ఆయన ఏడ్చేశాడు. ఎవరో కార్డుల పెట్టెని గరాజ్‌లో పడేద్దామన్నారు. మార్జరీ గారు ఒప్పుకోలేదు. ఆయన పోతే పోయాడు, మనం ఒకరికొకరం దొరికాం కదా అంది. ఆ మాట నాకు అర్థమయింది.

ఒక్కో కార్డు మీద పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. కింద ఆ మనిషి సంగతి. ఒకరికి లారీ ఉంది. ఒకరు మెట్లు ఎక్కలేరు. ఒకావిడకి బుధవారం ఖాళీ. అన్నీ నేను రాసినవే. ఈ ఊళ్ళో ఎవరినీ పలకరించలేను గానీ ఎవరి సంగతేమిటో నాకు తెలుసు.

ఇంకో సంగతి. మే నెలకి మీరు మేనత్త అవుతారు.

నాగమణి

---

పైన్ హాలో
1983 ఆగస్టు 21

వదినగారికి నమస్కారాలు.

విద్యకి జ్వరం తగ్గింది. మీరు పంపిన గౌను సరిపోయింది. దాని తెలుగు వింటే మీరు నవ్వుతారు. అన్నం వద్దు అనమంటే అణ్ణమ్ వడ్డు అంటోంది.

ఈ వేసవిలో ఊరి దక్షిణపు బావుల్లో నీళ్ళు కిరసనాయిలు వాసన వచ్చాయి. టౌన్ బోర్డువాళ్ళు పట్టించుకోలేదు. మార్జరీ గారు పెట్టె కిందికి దింపింది. రమ్మని మూడువందల కార్డులు రాశాను. అచ్చు వేసిన కాగితం చూడకుండా పారేస్తారట, చేత్తో రాసింది పారెయ్యడానికి మనసొప్పదట. మీటింగు రోజు జనం హాలు బయట కూడా నిలబడ్డారు. పైపులు వేయిస్తామని ఒప్పుకున్నారు.

ఇప్పుడు బోర్డు ఎన్నికలో మా వాళ్ళు ఇద్దరు నిలబడుతున్నారు. ఆ పోస్టాఫీసు ఆయన ఒకడు. వాళ్ళు గెలిస్తే ఊళ్ళో ఏం జరగాలన్నా వీళ్ళని అడగాల్సిందేనని మీ తమ్ముడు అన్నారు. మా వాళ్ళు అని రాశాను కదూ. అలా అలవాటయింది.

నాగమణి

---

ఐసెలిన్
1987 ఫిబ్రవరి 8

చిరంజీవి నాగమణికి ఆశీస్సులు.

దత్తు ఫోన్ చేశాడు. మీ ఊళ్ళో మన తెలుగువాళ్ళకి హాలు కట్టడానికి డాక్టర్ నరసింహ గారు ఐదెకరాలు ఇచ్చారనీ, మన ఇరవై కుటుంబాల సంఘం తరఫున కాగితాల మీద తనే సంతకం పెట్టాననీ చెప్పాడు. వాడి గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. ఒక మూల దేవుడి గది, మిగతాదంతా పిల్లల చదువుకీ, పెళ్ళిళ్ళకీ అట. పండగలకి చర్చి బేస్‌మెంటు అద్దెకి తీసుకుని, వినాయకుడి విగ్రహాన్ని మళ్ళీ కారు డిక్కీలో పెట్టుకుని రావడం ఇక ఉండదన్నాడు. ఈ పని జరిగిందంటే మా తమ్ముడి పేరు అక్కడ నిలబడిపోతుంది.

నేను పనిచేసే చీరల కొట్లో కూడా చెప్పాను. మా ఓనరు హుండీ పెట్టించాడు. ఇంతకీ స్థలం నువ్వు చూశావా? ఎలా ఉంది?

అనంతలక్ష్మి

---

పైన్ హాలో
1987 ఏప్రిల్ 26

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. ఒంట్లో బాగా లేదు.

స్థలం చూడలేదు. మగవాళ్ళు రెండుసార్లు వెళ్ళి వచ్చారు. ఆడవాళ్ళని శంకుస్థాపనకి తీసుకెళ్తామన్నారు. మా ఇళ్ళల్లో అందరూ నరసింహ గారి స్థలం అనే అంటారు.

మంగళవారం టౌన్ బోర్డు మీటింగు జరిగింది. పొలాన్ని హాలు కట్టుకునే స్థలంగా మార్చడానికి వాళ్ళు ఒప్పుకోవాలి. మనవాళ్ళు ముప్పై మంది వెళ్ళారు. అవతల నాలుగువందల మంది ఉన్నారట. కార్లు ఎక్కువవుతాయనీ, రోడ్డు చిన్నదనీ, మురుగు సరిపోదనీ ఒక్కొక్కరే లేచి చెప్పారట. ఎవరూ దురుసుగా మాట్లాడలేదట. బోర్డు నిర్ణయం నవంబర్‌కి వాయిదా వేసింది. విద్యకి జలుబని నేను వెళ్ళలేదు.

మీ తమ్ముడు అన్నం తినకుండా పడుకున్నారు. ఇంకేం రాయాలో తోచడం లేదు.

నాగమణి

---

ఐసెలిన్
1987 మే 10

నాగమణికి,

ఈ ఉత్తరం దత్తు లేనప్పుడు చదువు.

ఒక పోస్టుకార్డు నా చేతికి వచ్చింది. ఎలా వచ్చిందో అడగకు. ‘మంగళవారం ఏడు గంటలకి టౌన్ హాలుకి రండి. టక్కర్ పొలం విషయం. మన పైన్ హాలోని ఉన్నది ఉన్నట్టుగా ఉంచుకుందాం’ అని ఇంగ్లీషులో ఉంది. మీ ఊళ్ళో ఆ నాలుగువందల మందిని పిలిచిన కార్డు ఇదేనట.

ఏడేళ్ళ నుంచి నీ ఉత్తరాలు వస్తున్నాయి. కవర్ల మీద నా పేరు, మా వీధి పేరు నువ్వే రాస్తావు. ‘టి’ మీద గీత కొంచెం పైకి లేస్తుంది. ‘వై’ తోక ఎడమవైపుకి తిరుగుతుంది. కవర్లు పక్కన పెట్టుకుని చూశాను.

ఇది నువ్వు రాయలేదని రాయి. నమ్ముతాను.

అనంతలక్ష్మి

---

పైన్ హాలో
1987 మే 19

వదినగారికి,

నేనే రాశాను.

మార్చి నెలాఖరులో మార్జరీ గారు పిలిచింది. ఆవిడ వేళ్ళు వంకరపోయాయి, కలం పట్టుకోలేదు. నాలుగువందల అరవై కార్డులు నాలుగు మధ్యాహ్నాల్లో రాశాను. మీరు ఎత్తి రాసిన వాక్యం నేను అప్పుడే చదివాను. అర్థమయింది కూడా. అర్థం కాకుండా రాశానని చెప్పుకుంటే నాకు సులువుగా ఉండేది. టక్కర్ పొలమంటే ఎవరిదో పొగాకు పొలం అనుకున్నాను. ఏ పెట్రోలు బంకో కడతారు కాబోలు, వీళ్ళు వద్దంటున్నారు, మంచిదే అనుకున్నాను. నరసింహ గారు ఆ పొలాన్ని టక్కర్ అనే ముసలి రైతు దగ్గర కొన్నారని నాకెవరూ చెప్పలేదు. ఊరివాళ్ళకి అది ఇప్పటికీ టక్కర్ పొలమే.

మీటింగు నుంచి వచ్చి మీ తమ్ముడు ఆ పేరు చెప్పినప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. వెనక్కి తిరగలేదు. అప్పటినుంచి చెప్పాలనే అనుకుంటున్నాను. ఆయన ఎదురుగా కూర్చుంటే ఫోన్ పట్టుకున్నట్టే ఉంటోంది.

సంతకం పెట్టింది ఆయన. తన ఇంట్లోంచే ఇది జరిగిందని తెలిస్తే ఇరవై కుటుంబాల ముందు తలెత్తుకోలేరు. మన సంఘం పెద్ద రాజగోపాల్ గారు ఆయన్ని ఇంక ఇంటికి రానివ్వరు. నన్నేం చేయమంటారు?

నాగమణి

---

ఐసెలిన్
1987 మే 30

నాగమణికి,

ఏమీ చేయకు. నోరు విప్పకు. మా తమ్ముడికి అసలే చెప్పకు. చెప్పావా, రేపు రాజగోపాల్ గారు అడిగినప్పుడు వాడు అబద్ధమన్నా ఆడాలి, నిన్నన్నా పట్టివ్వాలి. తెలియనివాడికి ఆ బాధ ఉండదు. ఆడవాళ్ళ చేతిరాత ఎవరు చూస్తారు?

నేను కోప్పడటం లేదు. కొట్లో హుండీ తీయించేశాను. అడిగినవాళ్ళకి తలనొప్పిగా ఉందని చెప్తున్నాను.

అనంతలక్ష్మి

---

పైన్ హాలో
1987 అక్టోబర్ 18

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. వేసవి అంతా ఇంటికి ఎవరూ రాలేదు. శనివారం భోజనాలకి పిలుపులు ఆగిపోయాయి. నరసింహ గారి భార్య సుమతి గారు కొట్లో కనబడి కూడా వేరే వరసలోకి వెళ్ళిపోయారు. అందరూ దిగులుగా ఉన్నారు, దాని వల్లేనని మీ తమ్ముడు అంటారు. ఆయన ఆదివారాలు గరాజ్‌లో కూర్చుని పాత రేడియో విప్పి మళ్ళీ బిగిస్తూ ఉంటారు.

నవంబర్ పదిహేడున మళ్ళీ మీటింగు. మొన్న మార్జరీ గారు పెట్టె బల్ల మీద పెట్టి నన్ను పిలిచింది. రాయనని చెప్పాను. ఏడేళ్ళలో ఆవిడకి కాదని చెప్పడం అదే మొదటిసారి. ఎందుకని అడిగింది. అక్కడ హాలు కట్టేది మా వాళ్ళు, మా ఆయన సంతకం పెట్టారు అన్నాను.

“నాకు తెలియదు నాగమణీ. కాగితాల మీద ఏదో సంఘం పేరుంది, అంతే,” అంది.

ఇప్పుడు తెలిసింది కదా, ఆపుతారా అని అడిగాను. అది మీ వాళ్ళ గురించి కాదు, కార్ల గురించి, మా చర్చి కడతామన్నా ఇదే మాట అంటాను అంది. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. తర్వాత మెల్లగా ఇంకో మాట అంది.

“ఏడేళ్ళుగా నీళ్ళకీ, లైబ్రరీకీ, స్కూలు దగ్గర సిగ్నల్ లైటుకీ తిరిగాం. మీ ఇరవై ఇళ్ళల్లోంచి నువ్వు తప్ప ఒక్కరైనా వచ్చారా? మీరంతా ఇక్కడ ఉన్నారని మాకెలా తెలుస్తుంది?”

రాయనని మళ్ళీ చెప్పాను. బలవంతం చేయలేదు. పెట్టె నన్నే తీసుకెళ్ళమంది, తనకిక చేతులు పనిచేయవట. తెచ్చి మంచం కింద పెట్టాను. ఆరువందల కార్డులు. ఇవి నా దగ్గరుంటే వాళ్ళు జనాన్ని పిలవలేరు. వదినగారూ, ఈసారి మనం గెలుస్తామేమో. నాకు నిద్ర పట్టడం లేదు గానీ, ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

నాగమణి

---

పైన్ హాలో
1987 నవంబర్ 29

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడు ఫోన్‌లో మీకు ఫలితం చెప్పే ఉంటారు. బోర్డులో ఏడుగురిలో ఐదుగురు కాదన్నారు. ఆయన చెప్పనిది నేను రాస్తాను.

ఈసారి నేను కూడా వెళ్ళాను. ఒక్క కార్డు కూడా పోస్టులో పడలేదు. అయినా హాలు నిండిపోయింది, పోయినసారికంటే ఎక్కువ మంది. వాళ్ళకి పెట్టె అక్కర్లేదు వదినగారూ. ఒకరు పదిమందికి ఫోన్ చేశారు, ఆ పదిమంది ఇంకో పదిమందికి. ఎవరికి లారీ ఉందో, ఎవరు మెట్లు ఎక్కలేరో ఇప్పుడు అందరికీ అందరి గురించీ తెలుసు. ఆ నిలబడి ఓడిపోయినాయన పేరు ఆ హాల్లో ఎవరూ తలుచుకోలేదు. ముందు వరస కుర్రవాళ్ళకి ఆయనెవరో తెలియదు కూడా. బోర్డులో కూర్చున్న పోస్టాఫీసు ఆయన ఆ రాత్రి మా పక్కింట్లో ఏడ్చిన మనిషే. కాదని మొదట చెయ్యెత్తింది ఆయనే.

ఓటుకి ముందు ఎవరైనా మూడేసి నిమిషాలు మాట్లాడవచ్చు. నేను లోపలికి రాగానే అటువైపు వాళ్ళు నాగమణీ, నాగమణీ అని పలకరించి బెంచీ మీద చోటు ఇచ్చారు. ఇటువైపు మనవాళ్ళు చూశారు. నేను ఎటూ కూర్చోలేదు. మీ తమ్ముడి పేరు పిలిచారు. ఆయన లేచి నాలుగు ముక్కలు చదివారు. వెనకనుంచి ఎవరో, మీరు ఈ ఊరికి ఎప్పుడైనా ఏమైనా చేశారా అన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు నేను మైకు దగ్గరికి వెళ్ళాను. మీ మాట తప్పాను, క్షమించండి. అందరిలోనూ ఆయన ఒక్కరే తలవంచుకుని నిలబడితే చూడలేకపోయాను. నా పేరు, మా వీధి పేరు చెప్పాను. ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో మీ అందరినీ పిలిచిన కార్డులు రాసింది నేను, ఆయన భార్యని, పోయినసారి నా వాళ్ళ మీదికి మిమ్మల్ని పిలిచింది కూడా నేనే, ఆ సంగతి ఆయనకి తెలియదు అని ఇంగ్లీషులో చెప్పాను. తప్పులు వచ్చే ఉంటాయి. మార్జరీ గారు కళ్ళు మూసుకుంది.

నేను మనవాళ్ళవైపు తిరిగాను. తిడతారనుకున్నాను. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరూ నేలవైపు చూస్తున్నారు. రాజగోపాల్ గారు తెలుగులో, గొంతు పెంచకుండా అన్నారు.

“కూర్చోమ్మా. మాకు తెలుసు. దత్తాత్రేయ మే నెలలోనే వచ్చి చెప్పాడు. కార్డులు మా ఇంట్లోనే రాశాం, తప్పు నాది, నా భార్యకి పొలం సంగతి నేను చెప్పలేదు అన్నాడు. సంఘం నుంచి కూడా అప్పుడే తప్పుకున్నాడు. ఇవాళ మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేక వచ్చాడు.”

తిరిగి వస్తూ కారులో అడిగాను. మొదటి మీటింగులో కార్డు చేతిలోకి తీసుకోగానే పోల్చానన్నారు. మీకు పంపింది కూడా తనేనట, నా రాతని పోల్చిన సంగతి మాత్రం మీకు చెప్పలేదట. అక్క అడిగితే నేను చెబుతాననీ, చెబితే ఇద్దరం కలిసి రాజగోపాల్ గారింటికి వెళ్దామనీ అనుకున్నారట. మీరు తనకి జవాబు రాయకపోతే తనొక్కరే వెళ్ళారు. “నువ్వు చెబుతావని రోజూ చూశాను,” అన్నారు. అంతే.

మీ మీద నాకు కోపం లేదు. ఆయన పరువు కాపాడదామని మనిద్దరం చూశాం. ఆ పరువు ఆయన మే నెలలోనే నా కోసం వదిలేసుకున్నారు. వేసవి అంతా మా ఇంటికి ఎవరూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఒకే ఇంట్లో అన్నం పెట్టుకుని, ఒకే మంచం మీద పడుకుని, ఇన్ని నెలలు ఎవరి మూట వాళ్ళం మోశాం.

మార్జరీ గారు రెండుసార్లు తలుపు కొట్టింది. తీయలేదు. పెట్టె ఆవిడ వరండాలో పెట్టి వచ్చాను.

మనవాళ్ళు హాలుకి మోరిస్‌విల్ వైపు ఇంకో స్థలం చూస్తున్నారట. మాకు కబురు రాలేదు. విద్య క్లాసులో రాజగోపాల్ గారి మనవరాలు ఉంది, ఆ పిల్ల చెప్పిందట. వచ్చే ఆదివారం ఆడవాళ్ళు, పిల్లలతో సహా అందరూ చూడటానికి వెళ్తున్నారట.

నిన్న రాత్రి అన్నం తింటూ, మనం కూడా వెళ్దామా అని ఆయన్ని అడిగాను. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి రెండు చొక్కాలు పట్టుకొచ్చి, ఏది వేసుకోమంటావని అడిగారు. నీలంది అన్నాను. మమ్మల్ని చూసి పలకరిస్తారో లేదో తెలియదు. ఈసారి స్థలం మాత్రం నా కళ్ళతో చూస్తాను.

నాగమణి